అంటుజీవుల పోటీలో, అనుక్రమంలో పరభక్షణ

నీట మునిగిన రాళ్లను, రేవు స్తంభాలను, ఓడల అడుగు భాగాన్ని పట్టుకుని పెరిగే బార్నకిల్స్, ఆలుచిప్పలు, అసీడియన్లు, నాచు మొక్కలకు చోటే పెద్ద కరువు. ఆ చోటు కోసం జరిగే పోటీని, ఒక జాతి తరువాత మరొకటి స్థిరపడే అనుక్రమాన్ని వాటిని తినే జీవులు ఎలా మారుస్తాయో 1960ల నుంచి క్షేత్ర ప్రయోగాల ద్వారా తెలియవచ్చింది.

తొలి ప్రయోగాలు

స్కాట్లాండ్‌లోని కుంబ్రే దీవి తీరంలో జోసెఫ్ కానెల్ చేసిన పరిశోధనలు 1961లో వెలువడ్డాయి. అక్కడ బలానస్ అనే బార్నకిల్ వేగంగా పెరిగి, పక్కనున్న థామలస్ బార్నకిల్స్‌ను కప్పేసి, కిందనుంచి పెకలించి చంపేది. బలానస్‌ను తొలగించిన చోట థామలస్ తీరం దిగువన కూడా బతికింది. థాయిస్ నత్తలు బలానస్‌ను ఏరి తినడం వల్ల ఈ ఒత్తిడి కొంత తగ్గుతుందని, నత్తలు చొరబడని జాలి పంజరాలు అమర్చి ఆయన గుర్తించారు.

రాబర్ట్ పెయిన్ 1963లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో, 8 మీటర్ల పొడవైన రాతి భాగం నుంచి పిసాస్టర్ నక్షత్ర చేపలను ఎప్పటికప్పుడు ఏరివేశారు. వేటాడేది లేకపోవడంతో ఆలుచిప్పలు రాతిని ఆక్రమించుకోసాగాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966లో ఆయన ప్రకటించారు. పిసాస్టర్ లాంటి వేటాడే జీవులకు 1969లో ఆయన ‘కీలక జాతి’ అనే పేరు పెట్టారు.

ఏ జాతి ఆహారమైతే ఏ ఫలితం

పరభక్షణ ఎల్లప్పుడూ వైవిధ్యాన్ని పెంచదని న్యూ ఇంగ్లండ్ తీరంలో జేన్ లుబ్చెంకో 1978లో చూపారు. రాళ్ల మధ్య నీటి గుంటల్లో లిటరీనా నత్తకు ఇష్టమైన పచ్చనాచే పోటీలో బలమైనది. అందువల్ల అక్కడ నత్తలు ఓ మోస్తరుగా ఉంటే జాతులు పెరిగాయి. నీరు తీసినప్పుడు బయటపడే రాళ్లపై అదే నాచు బలహీనమైనది కాబట్టి, మేత పెరిగేకొద్దీ జాతులు తగ్గాయి.

అనుక్రమం

ముందు వచ్చిన జాతి తరువాతివాటికి దారి ఇవ్వవచ్చు, ఏ ప్రభావమూ చూపకపోవచ్చు, లేదా అడ్డుకోవచ్చు అని కానెల్, స్లాటియర్ 1977లో మూడు నమూనాలు ప్రతిపాదించారు. దక్షిణ కాలిఫోర్నియా బండరాళ్లపై వేన్ సౌసా 1979లో మూడో నమూనాకు ఆధారం చూపారు. తొలుత అంటుకున్న ఉల్వా నాచు, ఎర్రనాచును రానివ్వదు. పీతలు ఉల్వాను ఏరి తింటే ఎర్రనాచు త్వరగా స్థిరపడుతుంది.

1990ల్లో ఆస్మన్, విట్‌లాచ్ కనెటికట్ తీరంలో మరో దశపై దృష్టి పెట్టారు. అప్పుడే అంటుకున్న అసీడియన్ పిల్లలను చిరునత్తలు తినేస్తే, అవి ఎదిగి చోటు ఆక్రమించే అవకాశమే ఉండదు. పెద్ద జీవుల మధ్య పోటీ మొదలుకాక మునుపే ఆ తలంపై ఏ జాతులు మిగలాలో ఈ తొలి దశ వేట నిర్ణయించగలదు.