సత్యం: ఆ వంద రోజులు

2009 జనవరి 7, బుధవారం. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. ప్రతులు స్టాక్ ఎక్స్ఛేంజీలకు, సెబీకి వెళ్ళాయి. లెక్కల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. లేని వడ్డీ రూ.376 కోట్లు ఉన్నట్టు రాశారు. రూ.1,230 కోట్ల అప్పు పుస్తకాలకు ఎక్కలేదు. రావలసిన బాకీలను రూ.490 కోట్ల మేరకు పెంచి చూపారు. నాలుగూ కూడితే రూ.7,136 కోట్లు. ముందు రోజు రూ.179 దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి రూ.40 దగ్గరికి పడిపోయింది.

ఈ కథలో మోసం భాగం మనందరికీ తెలుసు. పత్రికలు నెలల తరబడి రాశాయి, సినిమా వాళ్ళూ టీవీ వాళ్ళూ చెప్పారు. రెండో భాగం గురించి తక్కువ మంది మాట్లాడతారు. ఆ రోజు కంపెనీలో పనిచేస్తున్న వాళ్ళు సుమారు 53,000 మంది. అప్పట్లో ఇంజనీరింగ్ చదివిన తెలుగు కుటుంబాల్లో సత్యంలో ఒక అన్నో, మేనకోడలో, పక్కింటి అబ్బాయో లేని ఇల్లు అరుదు. మన బడి నుంచి వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు. అంత పెద్ద దెబ్బ తగిలాక మామూలుగా కంపెనీ మూతపడాలి. ఇది పడలేదు. ఎందుకు పడలేదని వెతుక్కుంటూ వెళితే, ఆ వంద రోజుల్లో న్యాయవాదులు, న్యాయస్థానాలు చేసిన పని కనిపిస్తుంది. నేను నీటిపారుదల ఇంజనీరుని, లాయర్ని కాను. అయినా ఈ చరిత్ర మన సంచికలో ఉండదగినదని నాకనిపించింది.

లేఖకు మూడు వారాల ముందే నిప్పు రాజుకుంది. 2008 డిసెంబరు 16న, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. వాటాదారులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ నెలాఖరుకు నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. జనవరి 10న బోర్డు సమావేశం కావలసి ఉండగా 7వ తేదీన లేఖ బయటపడింది.

ఇక్కడ సమస్య ఏమిటో చూడండి. పాత బోర్డు సాంకేతికంగా ఇంకా అధికారంలోనే ఉంది. మూడు రోజుల్లో అది కూర్చుంటుంది. ఎవరిని నియమిస్తుందో, ఏ ఆస్తిని ఎవరికి రాసిస్తుందో ఎవరికీ తెలియదు. కాలువకు గండి పడ్డప్పుడు మా వాళ్ళు ముందు పైన గేట్లు దించుతారు. గండి ఎవరి వల్ల పడిందన్న విచారణ తరువాత. చట్టంలో కూడా అలాంటి గేటు ఒకటి ఉంది. 1956 నాటి కంపెనీల చట్టంలోని 397, 398, 408 సెక్షన్లు. కంపెనీ వ్యవహారాలు ప్రజాహితానికి భంగంగా నడుస్తుంటే కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డు ముందుకు వెళ్ళి, డైరెక్టర్లను తానే నియమించే వీలు అడగవచ్చు.

ప్రభుత్వం తరఫు న్యాయవాదులు జనవరి 9న, అంటే లేఖ వచ్చిన రెండు రోజులకే, ఢిల్లీలో ఆ పిటిషన్ వేశారు. అదే రోజు ఉత్తర్వు వచ్చింది. ఉన్న డైరెక్టర్లు పక్కకు తప్పుకోవాలి, కేంద్రం పదిమంది వరకు కొత్తవారిని నియమించవచ్చు. మనం కోర్టులంటే వాయిదాలని అనుకుంటాం. మధ్యంతర ఉత్తర్వు అనేది వాయిదాకు సరిగ్గా ఎదురుగా ఉండే పనిముట్టు. పూర్తి విచారణ తరువాత చేసుకోవచ్చు, ఈలోగా జరిగే నష్టాన్ని మళ్ళీ పూడ్చలేం అని న్యాయమూర్తిని ఒప్పించగలగాలి. అందుకు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఏ అధికారం, ఏ సెక్షన్ కింద, ఎంతవరకు, ఎన్నాళ్ళకు కావాలో కచ్చితంగా అడగడం కావాలి.

జనవరి 11, ఆదివారం నాడు దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌ల పేర్లు ప్రకటించారు. అచ్యుతన్ గారు సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించిన వారు. మర్నాడే హైదరాబాద్‌లో తొలి సమావేశం జరిగింది. కొద్ది రోజులకే తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎల్ఐసీ నుంచి ఎస్. బాలకృష్ణ మైనక్ చేరారు. కొత్త బోర్డు న్యాయ సలహాకు అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థను పెట్టుకుంది.

ఇలాంటి సమయంలో న్యాయవాది వేసుకోవలసిన మొదటి ప్రశ్న: నా కక్షిదారు ఎవరు? వినడానికి తేలిక. సత్యం విషయంలో అంతా దీని మీదే ఆధారపడింది. ఇరవై ఏళ్ళుగా సత్యం అంటే రాజుగారు, రాజుగారంటే సత్యం. చట్టం అలా చూడదు. కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అని బ్రిటన్ ప్రభువుల సభ 1896లోనే సాలమన్ కేసులో తేల్చింది. ఆ సూత్రాన్ని సాధారణంగా అప్పులవాళ్ళ నుంచి యజమానిని కాపాడటానికి వాడతారు. ఇక్కడ యజమాని చేసిన దాని నుంచి కంపెనీని కాపాడటానికి పనికొచ్చింది. జనవరి 9 రాత్రి రామలింగరాజును, ఆయన సోదరుడిని పోలీసులు అరెస్టు చేశారు. వారికి వారి న్యాయవాదులు, కంపెనీకి కంపెనీ న్యాయవాదులు. ఒకే వకీలు ఇద్దరినీ మోయాలని చూసి ఉంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టయ్యేది.

నిందితుల వైపు న్యాయవాదులు చేసిన పనినీ తక్కువగా చూడకూడదు. జనం కోపంగా ఉన్నప్పుడే ముద్దాయికి వకీలు అవసరం ఎక్కువ. జైల్లో ఉన్న వారిని ప్రశ్నించడానికి సెబీ కూడా హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ఫిబ్రవరి మొదట్లో అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. నేరం చేశానని రాసిచ్చాడు కదా అని పద్ధతిని ఎవరూ పక్కన పెట్టలేదు.

రెండో గండి అమెరికాలో పడింది. సత్యం షేర్లకు బదులుగా ఉండే ఏడీఎస్‌లు 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయి. లేఖ బయటికొచ్చి రోజు తిరగకముందే అక్కడ క్లాస్ యాక్షన్ దావాలు మొదలయ్యాయి. క్లాస్ యాక్షన్ అంటే ఒకేలా నష్టపోయిన వేల మంది తరఫున కొద్దిమంది వేసే ఉమ్మడి దావా. అలాంటి దావా రాబోతోందని తెలిసిన క్షణం నుంచి కంపెనీలో ఒక్క కాగితం, ఒక్క ఈమెయిల్ చెరిగిపోకూడదు. ఉద్యోగులకు న్యాయవాదులు ముందుగా చెప్పేది ఇదే.

చెప్పకపోతే ఏమవుతుందో అంతకు ఏడేళ్ళ ముందు ఆర్థర్ ఆండర్సన్ చూపించింది. ఎన్‌రాన్ కంపెనీకి ఆడిటర్లు వాళ్ళు. ప్రపంచమంతటా సుమారు 85,000 మంది ఉద్యోగులు. ఎన్‌రాన్ చిక్కుల్లో పడిన 2001 అక్టోబరులో, సంస్థలోని ఒక న్యాయవాది కాగితాల నిల్వ విధానాన్ని గుర్తు చేస్తూ ఈమెయిల్ పంపారు. ఆ తరువాత టన్నుల కొద్దీ కాగితాలు ముక్కలయ్యాయి. నవంబరు మొదట్లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ నుంచి ఉత్తర్వు చేతికి అందాక గానీ ఆగలేదు. 2002 జూన్‌లో జ్యూరీ సంస్థను దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది గానీ అప్పటికి కాపాడటానికి సంస్థ మిగల్లేదు. గెలిచిన కేసు, పోయిన కొలువులు. సంక్షోభంలో న్యాయవాది రాసే రెండు వాక్యాల బరువు ఎంతో ఇంతకంటే చెప్పలేం.

మూడో పని మాట. ఆ రోజుల్లో సత్యం ఖాతాదారులు ప్రపంచంలో పేరున్న పెద్ద కంపెనీలు. మా పని ఆగుతుందా, మా డేటా భద్రమేనా అని వారు అడుగుతారు. ఏమీ చెప్పకపోతే వెళ్ళిపోతారు. నగదు ఎంతుంది, లాభం ఎంత అని ధైర్యం కోసం ఏదో అంకె చెబితే రేపు అదే న్యూయార్క్ కోర్టులో సాక్ష్యమవుతుంది. పాత లెక్కలను నమ్మవద్దని ఆడిటర్లే ప్రకటించాక ఏ అంకెకూ పూచీ లేదు. అందుకే తెలిసినదే చెప్పడం, తెలియనిది ఇంకా తేలాలని చెప్పడం, అదీ బోర్డు తరఫున మాత్రమే చెప్పడం. లెక్కలను తిరిగి కట్టే పని కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలకు అప్పగించారు. జనవరి జీతాలు ఖాతాదారుల నుంచి వచ్చిన బాకీలతో ఇచ్చారు. ఫిబ్రవరిలో బ్యాంకుల నుంచి రూ.600 కోట్ల అప్పు కుదిరింది.

ఈలోగా 37 కంపెనీలు ముందుకొచ్చాయి. తాము సత్యానికి రూ.1,230 కోట్లు అప్పిచ్చామని, తిరిగి కట్టమని లాయరు నోటీసులు పంపాయి. ఒకసారి అవునంటే అది కంపెనీ నెత్తిన అప్పయి కూర్చుంటుంది. విచారణ తేలేదాకా ఒప్పుకోకుండా, ఆ మొత్తాన్ని పుస్తకాల్లో విడిగా పెట్టారు. పేరుకు చిన్న నిర్ణయం. ఆ ఒక్క జవాబు వేరేగా ఉంటే కంపెనీని కొనడానికి ఎవరూ వచ్చేవారు కాదేమో.

కొనేవాళ్ళను తేవడమే అసలు పరీక్ష. నమ్మదగిన లెక్కలు లేని కంపెనీని ఎవరికి, ఏ ధరకు అమ్మాలి? కొత్త షేర్ల ధరకు సెబీ సూత్రం గత నెలల సగటు ధరను చూస్తుంది. ఆ నెలల ధర అబద్ధపు లెక్కల మీద నిలిచింది. షేర్లు జారీ చేయాలంటే వాటాదారుల సమావేశం పెట్టాలి, దానికి వారాలు పడుతుంది. న్యాయవాదులు ఒక్కో తలుపూ తట్టారు. ఫిబ్రవరిలో కంపెనీ లా బోర్డు, వాటాదారుల సమావేశం లేకుండానే మూలధనం పెంచి కొత్త షేర్లు ఇవ్వడానికి అనుమతించింది. ప్రభుత్వం నియమించిన బోర్డు ఉన్న కంపెనీలకు సడలింపు ఇచ్చేలా సెబీ టేకోవర్ నిబంధనలను సవరించింది. వేలం మీద రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా పర్యవేక్షణకు సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా గారిని పెట్టారు.

ఏప్రిల్ 13న బిడ్లు తెరిచారు. టెక్ మహీంద్రా షేరుకు రూ.58, ఎల్ అండ్ టీ రూ.45.90, విల్బర్ రాస్ రూ.20. ఏప్రిల్ 16న కంపెనీ లా బోర్డు టెక్ మహీంద్రా పేరును ఆమోదించింది. జనవరి 7ను మొదటి రోజుగా లెక్కిస్తే అది సరిగ్గా నూరో రోజు.

మిగతా వ్యాజ్యాలు వాటి వేగంతో నడిచాయి. 2011లో అమెరికా క్లాస్ యాక్షన్ 12.5 కోట్ల డాలర్లకు, అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ కేసు కోటి డాలర్ల జరిమానాకు రాజీ అయ్యాయి. 2013లో కంపెనీ టెక్ మహీంద్రాలో విలీనమైంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి, రామలింగరాజుతో సహా ప్రధాన నిందితులకు ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. మరుసటి నెలలోనే వారికి అప్పీలులో బెయిలు వచ్చింది. కంపెనీని నిలబెట్టడానికి వంద రోజులు, నేరం తేల్చడానికి ఆరేళ్ళు. రెండింటినీ ఒకే తాడుతో కట్టి ఉంటే ఆ ఆరేళ్ళూ ఉద్యోగులు కూడా ముద్దాయిలతో పాటు నిలబడాల్సి వచ్చేది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పి ముగిస్తే అన్యాయమవుతుంది. ఆ 12.5 కోట్ల డాలర్లు న్యూయార్క్‌లో ఏడీఎస్‌లు కొన్నవారికి, భారత ఎక్స్ఛేంజీల్లో కొన్న అమెరికా నివాసులకు. రిటైర్మెంటు డబ్బుతో ఇక్కడ సత్యం షేర్లు కొనుక్కున్న మేష్టార్లకు, బ్యాంకు గుమాస్తాలకు అందులో పైసా రాలేదు. ఒకే అబద్ధం, ఒకే కంపెనీ. నష్టం విలువ మాత్రం ఎక్కడ కాపురముంటున్నారన్న దాన్ని బట్టి మారింది. అప్పటి మన చట్టంలో అలాంటి ఉమ్మడి దావాకు దారి లేదు. 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్‌గా ఆ దారి వచ్చింది, 2016లో అమల్లోకి వచ్చింది. ఆడిటింగ్ సంస్థలు పదేళ్ళకు మించి ఒకే కంపెనీలో కొనసాగకూడదన్న నియమమూ ఆ చట్టంలోనే ఉంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే అనవచ్చు. ఆ మొరుగుడు వచ్చే దొంగకైనా వినపడితే మంచిదే.

మన బడిలో చదివి కంపెనీలు పెట్టినవారు, ఆడిటర్లయినవారు, బోర్డుల్లో కూర్చున్నవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారికి ఒక మాట. మంచి వకీలును వెతకడం సంక్షోభం వచ్చాక మొదలుపెట్టే పని కాదు. ఏ కాగితం ఎక్కడుంది, కంపెనీ తరఫున ఎవరు మాట్లాడాలి, మీ సొంత ప్రయోజనం కంపెనీ ప్రయోజనం నుంచి ఏ చోట విడిపోతుంది అన్న మూడూ మామూలు రోజునే తెలిసి ఉండాలి. హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు సమావేశానికి వస్తున్నారని సంఘం వారు చెప్పారు. భోజనాల తరువాత ఒక గంట వారిని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగాలని నా మనవి. పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. రేపు సంతకాలు పెట్టబోయేది వాళ్ళే.