నెలల పాపాయికి దినచర్య ఎలా అలవాటు చేయాలి? గడియారం పక్కనపెట్టి.. ఈ వరస పాటించి చూడండి!

పగలంతా హాయిగా నిద్ర.. రాత్రి పదకొండు కాగానే కళ్లింత చేసుకుని కేరింతలు! నెలల పాపాయి ఉన్న ఇళ్లలో ఇది మామూలే. తల్లికి మాత్రం కంటి మీద కునుకుండదు. ఫోన్ తెరిస్తే ‘మూడు గంటలకోసారే పాలు, ఏడింటికల్లా నిద్ర’ అంటూ టైం టేబుళ్లు కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లేమో ‘పసిపిల్లలకు టైమేంటమ్మా?’ అని నవ్వేస్తారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. పసిబిడ్డకు దినచర్య అవసరమే. కాకపోతే మొదటి నెలల్లో అది గడియారం ప్రకారం నడవదు.. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే పనుల వరస ప్రకారం నడుస్తుంది.

మొదటి రెండు నెలలు ఎందుకంత కష్టం?

నిద్ర పుట్టించే మెలటోనిన్ అనే హార్మోన్ కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి నుంచే మాయ ద్వారా బిడ్డకు అందుతుంది. పుట్టాక ఆ సరఫరా ఆగిపోతుంది. సొంతంగా రాత్రీపగలూ తేడా తెలియడానికి 2 నుంచి 3 నెలలు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 3 నెలల లోపు పిల్లలకు రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర కావాలి. వాళ్లు అంతసేపూ పడుకుంటారు.. కానీ ముక్కలు ముక్కలుగా! పొట్ట చిన్నది కాబట్టి 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. రాత్రి లేవడం ఇందులో భాగమే.

ఈ వయసులో టైం చూసుకుని పాలివ్వడం మంచిది కాదు. ఆకలేసిన బిడ్డను ‘ఇంకా అరగంట ఉంది’ అని ఊరుకోబెడితే బరువు పెరగదు. తల్లికి పాలూ తగ్గుతాయి. ఎందుకంటే బిడ్డ ఎంత తాగితే శరీరం అంత తయారు చేస్తుంది. నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పడం, చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం.. ఇవన్నీ ఆకలి గుర్తులు. ఏడుపు చివర్లో వస్తుంది. అప్పటిదాకా ఆగితే బిడ్డ సరిగ్గా పట్టుకుని తాగలేదు.

ఇక మరీ మగతగా పడుకునే పిల్లల సంగతి వేరు. పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా, అంటే మొదటి 10 నుంచి 14 రోజులు, 3 గంటలు దాటితే లేపి మరీ పట్టాలి. పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఐదో రోజు తర్వాత రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తుంటే, బరువు పెరుగుతుంటే ఫర్వాలేదు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు రావాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. వచ్చినప్పుడల్లా బరువు చూడమని అడగండి.

ముందు వెలుతురుతో మొదలుపెట్టండి

పాల విషయంలో బిడ్డ మాటే వినాలి. వెలుతురు, చప్పుడు మాత్రం మీ చేతుల్లో ఉంటాయి. పొద్దున లేవగానే కిటికీ కర్టెన్లు తీసేయండి. పగలు మిక్సీ శబ్దం వచ్చినా, కుక్కర్ కూత వేసినా ఇల్లంతా ‘ష్..’ అననక్కర్లేదు. రాత్రి మాత్రం జీరో బల్బ్ చాలు. పాలిచ్చేటప్పుడు, గుడ్డలు మార్చేటప్పుడు కబుర్లు వద్దు, ఆటలు వద్దు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న నాన్నకు చూడాలని ఉండటం సహజమే. కానీ రాత్రి పడుకున్న బిడ్డ ముఖం ముందు ఫోన్ వెలిగించే బదులు, ఆ వీడియో కాల్ బిడ్డ లేచి ఉన్న వేళకు మార్చుకోవడం మేలు. కొన్ని వారాల్లోనే తేడా కనిపిస్తుంది.

అమ్మమ్మ స్నానమే అసలు దినచర్య!

నిజానికి మన ఇళ్లలో ఈ వరస ఎప్పటి నుంచో ఉంది. నూనె రాయడం, నలుగు పెట్టడం, కాళ్ల మీద వేసుకుని గోరువెచ్చని నీళ్లు పోయడం, పొత్తి గుడ్డల్లో చుట్టడం, పాలు, ఆ తర్వాత జోల పాటతో ఉయ్యాల. రోజూ అదే క్రమం. నూనె వాసన తగలగానే ఆ తర్వాత స్నానం, ఆ తర్వాత నిద్ర అని బిడ్డ మెల్లగా కనిపెట్టేస్తుంది. పిల్లల డాక్టర్లు ‘నిద్రకు ముందు రోజూ ఒకే వరస పాటించండి’ అని చెప్పేదీ ఇదే.

అయితే ఇందులోంచి కొన్ని తీసేయాలి. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు. ముక్కు నొక్కడం, రొమ్ములు పిండటం అసలే వద్దు. నీళ్ల వేడి మోచేత్తో చూడండి. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు.. బాట్యులిజం అనే ప్రమాదకర జబ్బు రావొచ్చు. ‘చిన్నప్పుడు వస పోశారా?’ అని వాగుడుకాయల్ని ఏడిపిస్తుంటాం కానీ, వస కూడా పెట్టొద్దు. 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. మే నెల ఎండల్లోనూ అంతే.. మంచినీళ్లు కూడా అవసరం లేదు, ఇంకో నాలుగుసార్లు పాలు పట్టడమే. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు, మందులు మాత్రం మానకండి.

మూడో నెల నుంచి రోజు ఎలా గడవొచ్చు?

ఒక ఉదాహరణ చూద్దాం. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య లేవగానే పాలు. తర్వాత గుడ్డలు మార్చడం, కాసేపు కబుర్లు. మెలకువగా ఉన్నప్పుడు పక్కనే కూర్చుని బోర్లా పడుకోబెట్టడం.. రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి కాదు, రెండు మూడు నిమిషాల చొప్పున మొదలుపెట్టొచ్చు. ఈ వయసు బిడ్డ సుమారు గంటన్నర మించి మెలకువగా ఉండలేదు. ఆవలింతలు, కళ్లు నలుపుకోవడం, మన వైపు చూడకుండా ముఖం తిప్పుకోవడం కనిపిస్తే వెంటనే పడుకోబెట్టాలి. ఆ సమయం దాటితే అలసటతో ఏడుపు, ఏడుపుతో ఇంకా అలసట. పాలు, ఆట, నిద్ర.. ఇదే చక్రం పగలు నాలుగైదుసార్లు తిరుగుతుంది. రోజూ ఒకే గంటకు జరగాల్సింది ఒక్కటే.. పొద్దున లేచే వేళ. అది కుదిరితే మిగతావి మెల్లగా సర్దుకుంటాయి.

సాయంత్రం ఏడుపును మాత్రం ఏ వరసా పూర్తిగా ఆపలేదు. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారం ప్రాంతంలో ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. దిష్టి తీయడం మీ ఇష్టం.. కానీ ఆకలి, తడి, జ్వరం, ఉక్కపోత కాదని ముందు చూసుకోండి. ఎంతకీ ఊరుకోకపోతే, మీ ఓపిక నశిస్తోందనిపిస్తే, బిడ్డను పడక మీద వెల్లకిలా ఉంచి ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. కోపంలో కుదపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మెదడుకు దెబ్బ తగులుతుంది.

పడక ఎలా ఉండాలి?

ఏడాది వరకు వెల్లకిలా, గట్టి పరుపు మీద, తల్లి ఉన్న గదిలోనే విడిగా. ఆవాల దిండు, బొమ్మలు, మందపు దుప్పట్లు తీసేయాలి. చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరాడదు. అందుకే ఊపి నిద్రపుచ్చాక చదునైన పడక మీదకు మార్చడం మంచిది. గుడ్డలో బిగించి చుట్టే అలవాటుంటే, బోర్లా పడ్డాడని బొబ్బట్లు పంచే రోజు దాకా ఆగొద్దు. పక్కకు తిరిగే ప్రయత్నం మొదలవగానే ఆపేయాలి.

ఇల్లు మారినా.. ఆఫీసు మొదలైనా..

చాలా కుటుంబాల్లో మొదటి కాన్పయ్యాక మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి వెళ్తారు. కొత్త గది, కొత్త చేతులు, చూడ్డానికి వచ్చే చుట్టాలు.. అప్పటిదాకా కుదిరిన టైమింగ్ మొత్తం చెల్లాచెదురవుతుంది. వరస మాత్రం వెంట వస్తుంది. అదే నూనె, అదే దుప్పటి, అదే పాట పట్టుకెళ్లండి. అత్తగారికి మొదటి రోజే చెప్పేయండి.. ‘స్నానం అయ్యాక ముందు పాలు పడతానండీ, తర్వాత మీరు ఎత్తుకుందురు’ అని.

ఉద్యోగం చేసే తల్లులకు మరో గండం. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి. సెలవు ముగియడానికి రెండు మూడు వారాల ముందే, బిడ్డను చూసుకోబోయే వ్యక్తితో ఇదే వరస రోజూ ఒక పూట చేయించండి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. మన వేసవిలో నేరుగా ఫ్రిజ్‌లోకే పెట్టాలి. సీసా పట్టని బిడ్డకు శుభ్రంగా మరిగించిన ఉగ్గు గిన్నె ఉండనే ఉంది.

ఇదే సమయంలో అన్నప్రాశన వస్తుంది. ఆడపిల్లకు ఐదో నెలలో చేసే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది. వేడుక చేసుకోండి, పెదాలకు తాకించి వదిలేయండి. అసలు తిండి మాత్రం ఎవరికైనా 6 నెలలు నిండాకే.

ఎప్పుడు అన్నీ ఆపి ఆసుపత్రికి వెళ్లాలి?

6, 10, 14 వారాల టీకాల తర్వాత ఒకటి రెండు రోజులు దినచర్య తప్పడం మామూలే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఈ అలవాట్లకు ఆలస్యంగా రావడమూ సహజమే. కానీ 3 నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, పాలు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, ఎంత లేపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయొద్దు. 108కి కాల్ చేయండి.

తల్లి సంగతీ చూడాలి. రాత్రి ఒక్కసారైనా నాలుగైదు గంటలు వరసగా నిద్ర దొరికేలా నాన్న, అమ్మమ్మ వంతులు వేసుకోవాలి. పాలు పట్టడం తప్ప మిగతా పనులన్నీ ఎవరైనా చేయొచ్చు! రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాకపోతే, తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచనలు వస్తుంటే.. దాన్ని బాలింత నీరసం అని కొట్టిపారేయకండి. హాని ఆలోచనలుంటే తల్లిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.