లండన్ నేల కింద రోమన్లు దొరికారు, మరి ఐసెనీలు ఎక్కడ?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

మా హాస్టల్‌లో చదువుకున్న సీనియర్ అక్క ఒకామె ఇప్పుడు లండన్‌లో పీజీ చేస్తోంది. మొన్న ఆదివారం ఒక చోటికి పోయి వీడియోలు తీసి పంపింది. రాత్రి అన్నం తిన్నాక ఆరుగురం ఒక్క ఫోన్ చుట్టూ కూర్చొని చూసినం.

ఆ చోటు పేరు గిల్డ్‌హాల్. పాత లండన్ నగర పాలన వందల ఏండ్లుగా అక్కడి నుంచే నడుస్తోంది. ఇప్పుడున్న పెద్ద హాలు కట్టడం 1411లో మొదలైంది. పక్కనే ఉన్న ఆర్ట్ గ్యాలరీ రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయింది. మళ్లీ కట్టేందుకు చూస్తే 1988లో నేల కింద రాతి గోడలు బయటపడ్డయి. అది రోమన్ల ఆంఫీథియేటర్! చాలా కాలంగా వెతుకుతున్నా ఎవరికీ దొరకనిది.

దాన్ని పూడ్చెయ్యలేదు. బిల్డింగ్ ప్లానే మార్చి, శిథిలాలను లోపల పెట్టుకుని పైన గ్యాలరీ కట్టారు. గ్యాలరీ 1999లో, కింది భాగం 2002లో జనం కోసం తెరిచారు. టికెట్ లేదు. పైన బొమ్మలు చూసి కిందికి దిగితే చీకటి గది. తూర్పు ద్వారం గోడలు, నీళ్లు పోవడానికి చెక్కతో కట్టిన మోరి కనిపిస్తయి. తడి మట్టిలో ఉండడం వల్ల ఆ చెక్క ఇన్ని వందల ఏండ్లు పాడవలేదు. బయట ముంగిట్లో ఆంఫీథియేటర్ ఎంత దూరం ఉండేదో తెలియడానికి నల్ల రాళ్లతో వంపుగా గీత వేశారు. జనం దాని మీద నుంచే ఆఫీసులకు నడుస్తున్నరు.

క్రీ.శ. 70 ప్రాంతంలో దీన్ని మొదట కర్రతో కట్టారు. రెండో శతాబ్దంలో రాతితో మళ్లీ కట్టారు. 7,000 మంది దాకా పట్టేదని అంచనా. మనుషులు మనుషులతో, జంతువులతో కొట్లాడి చస్తుంటే చుట్టూ కూర్చొని చూసేవాళ్లు. నేరస్తులను చంపడం కూడా అక్కడ ఒక తమాషానే. మధ్యలో ఇసుక పోసేవాళ్లు. "అరీనా" అనే మాటకు లాటిన్‌లో ఇసుక అనే అర్థం. నెత్తురు పీల్చుకోవడానికే ఆ ఇసుక.

వీడియో అయిపోయాక మాలో ఒకడు అడిగిండు: "రోమన్లు రాకముందు అక్కడ ఎవరుండిరి?" ఆ ప్రశ్నతోనే ఈ పోస్టు మొదలైంది. మరుసటి రోజు లైబ్రరీలో కూర్చున్నం.

రోమన్లు క్రీ.శ. 43లో బ్రిటన్ మీదికి వచ్చారు. అక్కడ చాలా తెగలున్నయి. తూర్పున ఐసెనీ అనే తెగ ఉండేది. వాళ్ల రాజు చనిపోతూ తన ఆస్తిలో రోమ్ చక్రవర్తికీ, తన ఇద్దరు బిడ్డలకూ వాటా రాసిండు. రోమన్ అధికారులు మొత్తం గుంజుకున్నరు. రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు, ఆమె బిడ్డలను చెరిచారు. క్రీ.శ. 60-61లో ఐసెనీలు, పక్క తెగలు ఒక్కటై లేచారు. లండన్‌తో సహా మూడు పట్నాలను తగలబెట్టారు. అందులో మామూలు జనం కూడా చచ్చిపోయారు, అది దాచకూడదు. చివరికి రోమన్ సైన్యం వాళ్లను ఓడించింది. మళ్లీ కట్టిన పట్నంలో పదేండ్లకే ఆ ఆంఫీథియేటర్ లేచింది.

ఇదంతా మనకు ఎట్ల తెలుసు? టాసిటస్, డియో అనే ఇద్దరు రాశారు కాబట్టి. ఇద్దరూ రోమ్ పక్షం వాళ్లే. ఐసెనీలు తమ కథను తాము రాసిన ఒక్క ముక్క కూడా మిగల్లేదు. లండన్‌లో లోతుగా తవ్వినప్పుడు కొన్ని చోట్ల ఎర్రగా కాలిన మట్టి పొర కనిపిస్తది. అది బౌడికా పెట్టిన మంట. రోమన్లకు గోడలు మిగిలినయి, తెగలకు కాలిన మట్టి మిగిలింది.

మాకు జోడేఘాట్ గుర్తుకొచ్చింది. 1940లో కొమురం భీం అక్కడ నేలకొరిగినంక, గోండుల పరిస్థితి ఏందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మంచిగనే రాసిండు, ఇయ్యాల మనం కూడా ఆ పుస్తకాలే చదువుతున్నం. కానీ ఆయన బయట నుంచి వచ్చిన మనిషి.

ఐసెనీలకు లేనిది మనకు ఒకటుంది. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే కథలు ఇంకా బతికే ఉన్నయి. చెప్పేవాళ్లు మాత్రం ముసలివాళ్లయినరు. మా ఆరుగురిలో ఇద్దరి తాతలు పోయిన రెండేండ్లలోనే పోయారు. వాళ్ల గొంతు ఏ ఫోన్‌లోనూ లేదు. రోమ్ చరిత్ర పరీక్ష కోసం బట్టీ పట్టినం గానీ, తాతను కూర్చోబెట్టి ఒక్క పూట అడగలేదు. ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మేం రాయకపోతే ఇంకెవరు రాస్తరు?

అందుకే వచ్చే సెలవుల్లో మేం ఆరుగురం ఒక పని పెట్టుకున్నం. ఊరికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక పెద్దమనిషి కథను ఆయన భాషలోనే రికార్డు చేస్తం, తర్వాత తెలుగులో రాస్తం. ఊరి పేరు ఎట్ల వచ్చింది, ముందు ఎక్కడ ఉండేది, ఎందుకు కదిలింది, ఈ మూడూ తప్పకుండా అడుగుతం. మీరు కూడా చేస్తే ఇక్కడే పెట్టండి. తప్పులుంటే పెద్దలు సరిచేయాలె.

జోహార్.