కుండ, బట్టీ, కుక్కర్: మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడని చరిత్ర

కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు మనం బావులు, పొలాలు, పెళ్ళిళ్ళు, వలసలు అన్నీ రాస్తాం. సారాయి సంగతి మాత్రం దాటేస్తాం. బెళ్ళందూరులో స్థిరపడ్డ మా కుటుంబానివి చిత్తూరు జిల్లా మూలాలు. మా పెద్దవాళ్ళు కూడా ఆ మాట వస్తే గొంతు తగ్గించేవాళ్ళే. కానీ ఇప్పుడు మా చుట్టుపక్కల ఫ్లాట్లలో కుర్రాళ్ళు వీడియోలు చూసి గాజు జాడీల్లో ద్రాక్ష వైను, బీరు పులియబెట్టుకుంటున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే అది చట్టం ఒప్పుకున్న సరదా కూడా. ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో మనవాళ్ళ చరిత్రలోనే ఉంది కాబట్టి ఆ సంగతులు ఒకచోట చేర్చి పెడుతున్నాం.

కుండకు మూత లేదు

కల్లు దానంతట అదే పులుస్తుంది. చెట్టు మీద కుండలో కల్లు పడుతుండగానే పులుపు మొదలవుతుంది, నురగ పొంగుతుంది. కుండ మూతి తెరిచే ఉంటుంది కనుక గ్యాస్ బయటికి పోతుంది. అదే కల్లును ప్లాస్టిక్ సీసాలో పోసి, బిరడా బిగించి బస్సులో తెచ్చుకుంటే ఏమవుతుందో ఊరి నుంచి తెచ్చుకున్నవాళ్ళకు తెలుసు.

లెక్క చిన్నదే. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు 490 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మామూలు వేడిలో అది 270 లీటర్ల దాకా చోటు పడుతుంది. లీటరు బీరులో 4 గ్రాముల చక్కెర మిగిలి పులిస్తే సుమారు ఒక లీటరు గ్యాస్. పులుపు ఆగకముందే సీసాలో పోసి, ఇంకో 20 గ్రాముల చక్కెర అందులో మిగిలి ఉంటే, ఐదు లీటర్ల గ్యాస్ ఆ సీసాలోనే ఇరుక్కుంటుంది. గాజు పగిలితే ముక్కలు కళ్ళలోకే వస్తాయి. ఇంట్లో బీరు చేసేవాళ్ళకు తగిలే గాయాల్లో ఇది ముఖ్యమైనది.

ఆ వాయువు గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. ధాన్యం పాతరలోకి దిగేముందు దీపం దించి చూడటం మన పల్లెల్లో ఉన్న అలవాటే. దీపం ఆరితే మనిషి దిగడు. చిన్న జాడీకి భయపడక్కర్లేదు గానీ, పెద్ద డ్రమ్ములు పెట్టి కిటికీ లేని స్టోరు గది మూసేసేవాళ్ళు ఆ దీపాన్ని గుర్తుపెట్టుకోవాలి.

బట్టీ దగ్గర మంట

పులియబెట్టడం ఒకటి, కాయడం ఇంకొకటి. ఈ తేడా చాలామందికి పట్టదు. బెల్లం ఊటను పొయ్యి మీద పెట్టి, ఆవిరిని చల్లబరిచి సారా తీయడమే బట్టీ. మన జిల్లాల్లో సారాయి అన్నా, కోస్తాలో నాటుసారా అన్నా, తెలంగాణలో గుడుంబా అన్నా పని ఒక్కటే. కుండ మీద కుండ పెట్టి సందులకు మట్టో పిండో మెత్తి, గొట్టం బిగిస్తారు. ఆ మెత్తిన చోట పగులు వస్తే ఆవిరి నేరుగా కింది పొయ్యి మంటకు తగులుతుంది. శుద్ధమైన ఆల్కహాల్ 13 డిగ్రీల వేడికే అంటుకునే ఆవిరినిస్తుంది, దాని మంట పగటి వెలుగులో సరిగా కనపడదు కూడా. గొట్టం మూసుకుపోతే కుండే పేలుతుంది.

ఇప్పుడు ఆ కుండ స్థానంలో ప్రెషర్ కుక్కర్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు కుక్కర్లలో సారా కాస్తూ పట్టుబడ్డవాళ్ళ వార్తలు మనం చదివాం. పప్పు నురగే విజిల్ గొట్టాన్ని మూసేస్తుందని మన వంటింట్లో అందరికీ తెలుసు. ఊట నురగ అంతకన్నా మొండిది. పైగా బయటికి వచ్చేది నీటి ఆవిరి కాదు, మండే ఆవిరి.

పాత్ర లోహం కూడా చూడాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే కిలుం ఎక్కుతుందని మన నాయనమ్మలు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో ఆపిల్ సారాయం తాగినవాళ్ళకు కడుపునొప్పి, పక్షవాతం వస్తుంటే, గానుగల్లో వాడిన సీసమే కారణమని 1767లో జార్జ్ బేకర్ అనే వైద్యుడు చూపించాడు. పాత కార్ల రేడియేటర్లతో సారా చల్లబరిచిన అమెరికా పల్లెల్లోనూ ఆ అతుకుల్లోని సీసమే జనాన్ని దెబ్బతీసింది.

1981, బెంగళూరు

మన ఊరికి వస్తే, 1981 జూలైలో బెంగళూరులో కల్తీ సారాయి తాగి 300 మందికి పైగా చనిపోయారు. 2008 మే నెలలో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి వైపు మళ్ళీ అదే జరిగింది, 150 మందికి పైగా పోయారు. కోలారు, కృష్ణగిరి అంటే ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో ఉన్న నేల. కర్ణాటకలో సారాయిని నిషేధించింది 2007 జూలై 1న. ఏడాది తిరగకముందే ఈ చావులు.

చంపింది మిథైల్ ఆల్కహాల్. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఇంటి బెల్లం ఊటలో మిథైల్ ఆల్కహాల్ పుట్టేది చాలా తక్కువ. ఇన్ని ప్రాణాలు ఒకేసారి పోయాయంటే ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాన్ని ఎవరో లాభం కోసం కలిపారన్నమాట. ఒంట్లోకి వెళ్ళాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. 10 మిల్లీలీటర్లతోనే చూపు పోవచ్చు, 30 మిల్లీలీటర్లతో ప్రాణమే పోవచ్చు. లక్షణాలు 12 నుంచి 24 గంటల తర్వాత బయటపడతాయి కాబట్టి మామూలు మత్తే అనుకుని పడుకుంటారు. చూపు మసకబారింది, కళ్ళముందు మంచులా ఉంది అంటే ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వేళకు చేరితే విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది. వెలిగించి చూస్తే నీలం మంట వచ్చింది, కాబట్టి మంచి సరుకే అనే పాత పరీక్షను నమ్మొద్దు. రెండూ నీలంగానే మండుతాయి.

ఆపాలని చూసినవాళ్ళు

1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో సారా సర్కారు ఆదాయంగా స్థిరపడింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. తర్వాత 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు పంచింది. దాన్ని ఎదిరించింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. సాక్షరతా ఉద్యమంలో అక్షరాలు నేర్చుకుంటూ, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు 1992లో సారా అంగడిని మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం కూడా వచ్చింది, 1997లో ఎత్తేశారు. వీధిలో అమ్మకం ఆగినచోట అడవిలో బట్టీ పొగ లేచిందన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

ఇంకొకరిని మరిచిపోతాం. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు గీత కార్మికుడు. నడుముకు మోకు, భుజాన ముస్తాదు వేసుకుని తాడిచెట్టు ఎక్కి, పట్టుజారి ప్రాణమో నడుమో పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళు ప్రతి గీత పల్లెలో ఉంటాయి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్ష' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాగేవాడి భద్రత గురించి చట్టాలు ఎన్నో వచ్చాయి. ఎక్కేవాడి నడుముకు ఆధునికమైన పట్టు రావడానికి ఇన్ని తరాలు పట్టింది.

ఇంట్లో చెప్పుకోవలసినవి

కర్ణాటకలో 1965 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. బ్రిటన్‌లో 1963 నుంచి, అమెరికాలో 1978 చట్టం తర్వాత ఇంట్లో బీరు చేసుకోవచ్చు. కానీ అమెరికాలో ఆ 1978 చట్టం ఇంట్లో సారా కాయడానికి అనుమతి ఇవ్వలేదు. కాయడంలో ప్రమాదం ఏమిటో పైన చదివినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అనుమతి ఉన్న దేశాల్లోని పిల్లలకు మా మాటలు ఇవే. పులుపు పూర్తిగా ఆగిందని కొలిచి చూశాకే సీసాలో పోయండి. గాజుకన్నా సోడాల ప్లాస్టిక్ సీసా నయం, ఒత్తిడి పెరిగితే వేలికి గట్టిగా తగిలి ముందే చెప్తుంది. జాడీకి గ్యాస్ పోయే దారి ఉంచండి. కుక్కర్‌ను పప్పుకే వాడండి. ఎవరో చేసిన సరుకును ఎంత స్నేహం కొద్దీ ఇచ్చినా తాగకండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూడా ఒకసారి అడగండి. 1981లో, 2008లో ఆ పక్కన ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు చెప్పింది రాసిపెట్టండి. పోయినవాళ్ళలో ఎక్కువమంది కూలీలు, వాళ్ళ పేర్లు ఏ కుటుంబ చరిత్రలోనూ ఉండవు.