రోజుకో రూపాయి నుంచి స్త్రీనిధి దాకా

తెలుగునాట మహిళా సంఘాల కథ ప్రభుత్వ పథకంగానే మొదలైంది. 1982లో కేంద్రం తెచ్చిన డ్వాక్రా, పేద స్త్రీలను పదిహేను ఇరవై మంది చొప్పున జట్టుకట్టించి ఉపాధి చూపాలనుకుంది. అయితే ఆ సంఘాలకు ప్రాణం పోసింది నెల్లూరు జిల్లా ఉద్యమం. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువు నేర్చిన దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ పోరు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచే 'పొదుపు లక్ష్మి' ఊరూరా పాకింది.

1992లో నాబార్డు 500 సంఘాలతో, వాటికి బ్యాంకు అప్పులు ఇప్పించే లింకేజీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పట్టా లేదు, తాకట్టు పెట్టడానికి బంగారం లేదు. సంఘం పూచీయే హామీ. సమావేశంలో అందరూ గుండ్రంగా కూర్చుని పొదుపు కడతారు. ఒకరికి ఎరువులకు డబ్బు కావాలి, ఇంకొకరికి బిడ్డ కాలేజీ ఫీజుకు. ఎవరి అవసరం ముందో అందరూ మాట్లాడుకుని తేల్చాక తీర్మానం పుస్తకంలోకి ఎక్కుతుంది, సంతకాలు పడతాయి. ఇంట్లో నోరెత్తని మనిషి కూడా అక్కడ లెక్క అడుగుతుంది. సాధికారత అలవడిన చోటు అదే.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం పథకాలు నడిచాయి. విడివిడి సంఘాలు గ్రామ సంఘాలుగా, మండల, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, మామూలైన పల్లెల్లో 2004 నాటి పావలా వడ్డీ పథకం సంఘాల బ్యాంకు అప్పుపై వడ్డీ భారాన్ని ఏడాదికి మూడు శాతానికి దించింది. పైవడ్డీ ప్రభుత్వం భరించింది.

దెబ్బలూ తగిలాయి. సంఘాలు నేర్పిన క్రమశిక్షణను చూసి మైక్రోఫైనాన్స్ కంపెనీలు అదే ఇళ్లకు అప్పు మీద అప్పు ఇచ్చాయి. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలకు కళ్లెం వేసే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అవసరానికి త్వరగా అప్పు అందించేందుకు సంఘాల సొంత పరపతి సంస్థగా 2011లో స్త్రీనిధి పుట్టింది. ఆ ఏడాదే మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఇక్కడి సమాఖ్యల అనుభవాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది. 2014 ఎన్నికల్లో ఇచ్చిన రుణమాఫీ హామీని నమ్మి వాయిదాలు ఆపిన సంఘాల మీద వడ్డీ పేరుకుంది. ఎన్నికల మాట పొదుపు పుస్తకంలోకి చొరబడితే నష్టపోయేది ఆడవాళ్లేనని అప్పుడు తేలింది.

ఈ నాలుగు దశాబ్దాల్లో పల్లె స్త్రీకి అప్పు పుట్టే దారి ఏర్పడింది, బ్యాంకులో గౌరవం దక్కింది. ఆ అప్పు ఆమె ఆదాయంగా మారడం మాత్రం ఇంకా పూర్తికాలేదు. లోను ఆమె పేరున, పెత్తనం మగవాళ్ల చేతిలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ఇకపై ప్రభుత్వాలు లోను లక్ష్యాలతో సరిపెట్టకుండా భూమి ఆమె పేరున రాయించాలి, ఆమె సరుకుకు మార్కెట్టు చూపించాలి. సంఘం నిర్ణయాలను మాత్రం సంఘానికే వదిలేయాలి.