చట్టం గుర్తుపట్టని సొర

1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసినప్పుడు ‘జంతువు’ అన్న మాటకు అర్థం చెబుతూ ఉభయచరాలు, పక్షులు, క్షీరదాలు, సరీసృపాలను పేర్కొంది. చేప ఊసెత్తలేదు. ‘వన్యప్రాణి’ నిర్వచనంలో మాత్రం తేనెటీగలు, సీతాకోకచిలుకల సరసన చేపకూ చోటిచ్చింది. చిక్కేమిటంటే, వేటాడితే శిక్ష తప్పదని చెప్పే సెక్షన్ నడిచేది ‘వన్యజంతువు’ మీద. 2002 సవరణ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాకే ‘జంతువు’ నిర్వచనంలోకి చేప పేరు పెట్టి వచ్చింది. ఇదంతా ముసాయిదా రాసినవారి ఏమరుపాటు అనుకోలేం. 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచీ మన పాలకులు చేపను పంటగానే చూశారు. నీళ్లలో డైనమైటు పేల్చొద్దు, విషం కలపొద్దు, వల కన్ను మరీ చిన్నది కాకూడదు అన్నారే తప్ప, వలలో పడింది ఏ చేప అని అడగలేదు. నేటికీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట విరామం ఆ దారిలోనిదే. ఆ చూపు రొయ్యకో కానాగంతకో సరిపోతుంది. ఏళ్లు గడిస్తే గానీ ఈడుకు రాక, కొద్దిపాటి పిల్లల్నే కనే సొరకు సరిపోదు. సొరను కాపాడాలంటే ముందు దాని జాతిని పేరు పెట్టి చెప్పాలి. ఆ పని మనం తొందరపాటుతో చేశామనీ, నష్టం సొరకూ జాలరికీ కూడా జరిగిందనీ నా వాదన.

గుజరాత్‌లోని వేరావల్ దగ్గర తిమింగల సొరను వేటాడేవారు. కొక్కెం దిగాక అది లోతుకు దిగకుండా తాళ్లకు ఖాళీ పీపాలు కట్టేవారు, అందుకే అక్కడ దాన్ని ‘బ్యారల్’ అన్నారు. కాలేయం నూనె పడవలకు పూసేవారు, మాంసం ఎగుమతి అయ్యేది. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీ ఆ వేటను దేశం కళ్లముందు పెట్టింది. 2001 మేలో తిమింగల సొర వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణనిచ్చే మొదటి షెడ్యూలుకెక్కింది. అక్కడితో ఆగితే బాగుండేది. జులైలో కేంద్రం సొరలు, టేకుల జాతులన్నిటినీ అదే షెడ్యూలులో చేర్చింది. పులిని చంపడం ఎంత నేరమో, సొర పుట్టు కోసం సంతలో అమ్మే పిల్ల సొరను పట్టడమూ అంతే నేరమైంది. తీరమంతా గగ్గోలు పుట్టింది. డిసెంబరుకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గి జాబితాను పదింటికి కుదించింది.

వెనక్కి తగ్గడం తప్పు కాదు. తప్పు ఆ పది పేర్లలో ఉంది. అందులో ఒకటి జెయింట్ గిటార్ ఫిష్, శాస్త్రీయ నామం రింకోబాటస్ జిడెన్సిస్. ఆ జాతి ఎర్ర సముద్రం నుంచి దక్షిణాఫ్రికా దాకా ఉండేదని, మన తీరంలో ఆ పేరుతో రాసుకున్నవి దాని దాయాదులని వర్గీకరణ శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అంటే మన నీళ్లలో లేని చేపకు రక్షణ దొరికింది, ఉన్న చేపకు దొరకలేదు. శాస్త్రీయ నామాలు మారుతూనే ఉంటాయి, చట్టం వాటి వెంట ఎక్కడ పరిగెత్తగలదు అంటారు. నిజమే. అందుకే ఒకదానికొకటి పోల్చుకోలేనంత దగ్గరగా ఉన్న జాతుల్ని కుటుంబంగా కలిపి రాయాలి. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం ‘సైటీస్’ రంపపు చేపల విషయంలో చేసింది అదే, 2019లో గిటార్ ఫిష్ దాయాదుల విషయంలోనూ అదే. 2022లో మన చట్టాన్ని సవరించి ఆ ఒప్పందపు జాబితాలకు ఓ షెడ్యూలు కేటాయించారు. ఆలస్యమైనా మంచి పని.

కుటుంబం మొత్తాన్ని రాస్తే 2001 జులై మళ్లీ వచ్చినట్టేగా అని జాలర్ల సంఘాలు అడిగితే కాదనడానికి కారణం చూపాలి. అప్పుడు గీసిన గీత వందకు పైగా జాతుల్ని, అరచేతంత పిల్ల నుంచి పడవంత సొర దాకా, ఒక్కటి చేసింది. కుటుంబపు గీత కంటికి ఆనేది. రంపపు చేపనే చూడండి: ముక్కు బారెడు పలకలా సాగి, రెండంచులా పళ్లు మొలిచి ఉంటుంది. ఆ పళ్లే వలకు చిక్కుకుంటాయి, వల కోయకుండా విడిపించడం కష్టం. అది ఏ జాతి రంపపు చేపో తేల్చడానికి నిపుణుడు కావాలి. రంపపు చేప అని చెప్పడానికి పడవలో ఎక్కిన కుర్రాడు చాలు. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు అయినప్పుడు, ఆ కుర్రాడు గుర్తుపట్టలేని జాతి పేరుతో అతణ్ని నేరస్థుణ్ని చేయడం అన్యాయం.

వల ఎంచుకుని పట్టదు కదా అన్న ప్రశ్న మరింత గట్టిది. పేరు ఎంత సరిగ్గా రాసినా ఈ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు గుజరాత్‌లోనే దొరికింది. రామకథా ప్రవచనకర్త మొరారి బాపు తిమింగల సొరను పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపడుచుతో పోల్చారు. పీపా పేరు పోయి ‘వ్హాలీ’, అంటే ముద్దుల బిడ్డ, అన్న పేరొచ్చింది. వల కోసి వదిలేసినవారికి అటవీశాఖ వల నష్టం కట్టిస్తోంది. అలా వందల సొరలు కడలికి తిరిగివెళ్లాయి. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లోనూ వల నష్టం వెంటనే కట్టివ్వాలి. రక్షిత జాతుల బొమ్మలు, మన జాలర్లు వాటిని పిలిచే పేర్లతో, వేలం షెడ్డు గోడ మీద ఉండాలి. ఆ పేర్లు అడిగి రాసుకోవాల్సింది జాలర్ల దగ్గరే.