మాతృభాష గడిలో ఏం రాసినం?

 

డిగ్రీలో చేరిన రోజు ఫారంలో "మాతృభాష" అని ఒక గడి ఉండె. మేము నలుగురం ఉట్నూరు దిక్కు గూడేల నుంచి వచ్చిన గోండు పిల్లలం. ఇప్పుడు హైదరాబాదులో ఒకే హాస్టల్ రూంలో ఉంటున్నం. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చిన మొదటోళ్ళం మేమే. ఆ రోజు ఒకరి ఫారం ఒకరం చూసుకోలే. అయినా నలుగురం "తెలుగు" అనే రాసినం. అట్ల రాయమని ఎవరూ చెప్పలే.

తర్వాత దాచుడు అలవాటైంది. మా యాసకు క్లాసులో నవ్వితే మాట్లాడుడు తగ్గించినం. ఇంటి నుంచి ఫోన్ వస్తే తెలుగులోనే జవాబు చెప్పేటోళ్ళం. మాలో ఒకరి అమ్మ ఒకసారి గోండీలో మెల్లగా అడిగింది: "పక్కన ఎవరన్నా ఉన్నరా బిడ్డా?" ఆ రాత్రి రూంలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలే.

కాలేజీ ఫంక్షన్ వచ్చినప్పుడేమో "మీ నెమలీకల డ్యాన్స్ వేయండి" అని అడిగిన్రు. గుస్సాడీ ఎప్పుడంటే అప్పుడు వేసే డ్యాన్స్ కాదు, దీపావళి ముందు దండారీ రోజుల్లో దీక్షతో కట్టేది అని చెప్పాలె. చెప్పలేకపోయినం. ఎందుకంటే మాకే సరిగ్గా తెల్వదు. సిగ్గుపడేంత తెలుసు గానీ వివరించేంత తెల్వదు. అప్పుడే మన చరిత్ర చదువుడు మొదలుపెట్టినం.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిండు. భూమి కోసం, అడవి కోసం జరిగిన ఆ పోరాటం అందరికీ తెలిసిందే. దాని తర్వాత జరిగింది మాకు కొత్త. గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మనోళ్ళ జీవితం చూసిండు. 1943లో అక్కడ గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. పిల్లల కోసం గోండీలోనే వాచకాలు తయారుచేసిన్రు.

ఇది చదివి మేము ఆగిపోయినం. బడి అంటే మన భాషను గుమ్మం బయట విడిచి లోపలికి పోయే జాగ అనుకున్నం. కానీ మా తాతల కాలంలో, మా పక్క ఊర్లోనే, బడి మన భాషలోనే పాఠం మొదలుపెట్టింది. అది కూడా ఊరికే దయతో ఇచ్చింది కాదు, జోడేఘాట్ నెత్తురు తర్వాత వచ్చింది. మేము చదువుకునే నాటికి ఆ వాచకాలు లేవు, అంతా తెలుగు మీడియమే. మన భాష చదువుకు పనికిరాదని ఎవరూ రుజువు చేయలే. దాన్ని బడి నుంచి తీసేసిన్రు, అంతే.

"మీ భాషకు లిపి ఉందా?" అని అడిగితే తల దించుకునేటోళ్ళం. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో రాసిన పాత పుస్తకాలు దొరికినయి. ఆ లిపిని చదవగల పెద్దలు ఆ ఊర్లో ఉండిరి. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మేము ఇప్పుడు రాత్రిపూట దాన్ని నేర్చుకుంటున్నం. ఎవరి పేరు వాళ్ళం రాసుకుని తలుపు లోపల అంటించినం. తలుపు బయట అంటించే ధైర్యం ఇంకా రాలే. నిజం చెప్తున్నం.

తెలుగు మీద మాకు కోపం లేదు. ఈ పోస్టు రాస్తున్నది తెలుగులోనే కదా. రెండూ ఒకే ద్రావిడ కుటుంబం. గోండీలో నీళ్ళను "ఏర్" అంటం, తెలుగులో పారే నీటిని ఏరు అంటరు. చుట్టాల ఇంటికి పోయినందుకు సొంత ఇంటి పేరు మార్చుకుంటమా?

ఇది మా నలుగురి ముచ్చటే కాదు. 2011 జనాభా లెక్కల్లో గోండు తెగ జనం దేశంలో కోటి దాటిన్రు. గోండీ మాతృభాష అని నమోదైనోళ్ళు మాత్రం సుమారు 30 లక్షలు. మిగిలినోళ్ళంతా సిగ్గుతో దాచిన్రు అనలేం. చాలా చోట్ల భాష ఎప్పుడో పోయింది. కానీ మా లెక్క దాచిన నలుగురు ప్రతి హాస్టల్లో ఉంటే ఆ అంకె ఎట్ల పెరుగుతది? 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్లో చేరినయి. గోండీ ఇంకా బయటనే ఉంది. అడగాలంటే చేతిలో లెక్క ఉండాలె.

2027 జనగణనలో మళ్ళీ ఆ ప్రశ్న వస్తది. ఇంట్ల మన అమ్మనాన్నలకు ముందే చెప్పండి. గోండీ అయితే గోండీ, కోలామీ అయితే కోలామీ, కోయ అయితే కోయ. రాసేటాయన ఆయనే "తెలుగు" అని రాయబోతే ఆపండి.

మొన్న హాస్టల్ రెన్యూవల్ ఫారం వచ్చింది. అదే గడి. ఈసారి ఒకరి ఫారం ఒకరం చూసుకుంటూ నింపినం. ఆఫీసులో ఆయన "గోండీనా? అట్లాంటి భాష ఉందా?" అన్నడు.

"ఉంది సార్. మేము మాట్లాడుతం" అన్నం.